చెవిటి ఇంజను

"మిల్లు నాలుగు గంటల కూత కూసే దాకనే నీకు టైం," అంది వెంకటనర్సమ్మ. "అటెనుక వాని కుడిచెయ్యి వడ్లు దంచే హల్లర్ల వడ్తది. మా ఆయన పన్నెండు మంది హమాలీల ముందట మాటిచ్చిండు. నా కొడుకును మింగిన చెయ్యితోని ఇంకోడు బువ్వ తినొద్దు."

సరోజన గడియారం చూసుకుంది. రెండు దాటి పది నిమిషాలు.

సూర్యాపేటలో కిరాయి గదిలో కూర్చుని, దొంగలు ఎత్తుకెళ్లిన లారీలను వెతికిపెడుతూ పదకొండేళ్లుగా డిటెక్టివ్ అనిపించుకుంటున్న మనిషి ఆమె. బెదిరింపులు ఆమెకు కొత్త కాదు. కానీ ఇంత నిమ్మళంగా, వడ్ల ధర చెప్పినట్టు, గడువు పెట్టి మరీ చెయ్యి తీస్తామన్న వాళ్లను మాత్రం ఇదే మొదటిసారి చూడటం. పోలీసులకు ఫోను చేద్దామంటే ఫోను ఆఫీసు గదిలో ఉంది, గది తాళంచెవి వెంకటనర్సమ్మ బొడ్డున ఉంది. మిర్యాలగూడలోని ఈ రైసుమిల్లు గేటు మూసేసి, అటు నలుగురు ఇటు నలుగురు నిలబడ్డారు. చెయ్యి పోగొట్టుకోబోయే మనిషి భార్య, తనతో వచ్చిన జమునను గేటు బయటే ఆపేశారు.

"వాని చెయ్యి కాదని తేలితే?" అంది సరోజన.

"తీస్కపో. ఎవని చెయ్యో చెప్పి తీస్కపో."

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. వెంకటనర్సమ్మ, ఉప్పలయ్యల ఒక్కగానొక్క కొడుకు మధుకర్. బొంబాయి రేవు నుంచి ఎర్ర జపాను కారు తెప్పించాడు. టర్బో ఉన్న కారు. కోదాడ నుంచి సూర్యాపేటకు ఇరవై నిమిషాల్లో చేరుతానని స్నేహితులతో పందెం కాసి, మంగళవారం తెల్లవారుజామున బయలుదేరాడు. మునగాల దాటాక ఇంజను పగిలింది, చక్రాలు బిగుసుకుపోయాయి, కారు కల్వర్టును గుద్దింది. పోలీసులు కాగితాల్లో ప్రమాదమని రాసుకున్నారు. తల్లిదండ్రులు మాత్రం నమ్మలేదు. కోదాడ డిటెక్టివ్ మోతీలాల్‌ను పెట్టుకున్నారు. అతను బుధవారం సూర్యాపేట వెళ్లి, ఖమ్మం రోడ్డు మీద షెడ్డు నడుపుకునే లంబాడ మెకానిక్ హన్మాను జుట్టు పట్టి ఈ మిల్లుకు తెచ్చాడు. ఆ కారుకు జోరు పెంచింది హన్మాయే. అతని భార్య జమున ఈ ఉదయం సరోజన గుమ్మం ఎక్కింది. ఇవాళ శుక్రవారం.

హన్మాను తవుడు గోదాంలో స్తంభానికి కట్టేశారు. ఎడమ చెవి కింద నెత్తురు ఎండి నల్లబడింది. సరోజన ఎదురుగా బస్తా మీద కూర్చుంది. జాలిపడటానికి తీరిక లేదు కనుక పడలేదు.

"నా పేరు సరోజన. జమున పంపితే వచ్చిన. ఒక్క అబద్ధం చెప్పినా లేచి ఎల్లిపోత."

"కుడి దిక్కు వచ్చి మాట్లాడు మేడం. ఎడమ చెవు ఇనొస్తలేదు."

ఆమె జరిగి కూర్చుంది. "కొట్టింది మోతీలాలేనా?"

"మూడు సార్లు గదే చెవు మీద కొట్టిండు. తెలిసే కొట్టిండు. నేను ఇంజనును గా చెవుతోనే ఇంట."

"ఏం ఇంటవు?"

"నాకింగు."

"నాకు మోటార్లు తెల్వదనుకొని చెప్పు. జల్ది."

హన్మా కళ్లు మూసుకున్నాడు. పని గురించి మాట్లాడేసరికి అతని గొంతులో వణుకు తగ్గింది. "స్పార్కు పడంగనే పెట్రోలు ఒక లెక్కల మండాలె. మంట ఒక కొసకెల్లి ఇంకో కొసకు పాకాలె. టర్బో ఏం జేస్తదంటే గాలిని బలిమిన లోపటికి తోస్తది. పవరు వస్తది, దాంతోని వేడి, ఒత్తిడి గూడ వస్తది. అది మీరితే, మంట చేరకముందే మూలకున్న పెట్రోలు దానంతటదే పేల్తది. చెంబుల గోలీలేసి ఊపినట్టు సప్పుడు. లోపట మాత్రం పిస్టన్ నెత్తి మీద సుత్తె దెబ్బలే."

"అట్ల పేలకుంట జపానోడు ఏం పెట్టలేదా?"

"పెట్టిండు. ఇంజను గోడకు బొటనవేలంత సెన్సర్ మరతోని బిగిచ్చి ఉంటది. గది బండికి చెవు. నాకింగు ఇనంగనే ఇంజనును నడిపే కంప్యూటర్ డబ్బాకు చెప్తది. డబ్బా స్పార్కును జర ఆలస్యం చేస్తది. పవరు పడిపోతది, పిస్టన్ బతుకుతది. మన పెట్రోలుల గాస్‌నూనె కలుపుతరు గదా, గందుకే గది గీడ ఇంక అవుసరం."

"నువ్వు దాన్ని ఊడవీకినవ్. జోరు రావాలని."

"లేదు మేడం." అతను తల ఎత్తాడు. "మధుకర్ సారు గట్లనే అడిగిండు. నేను చెయ్యనన్న. టర్బో ఒత్తిడి జరంత పెంచిన. స్పార్కును ఒక్కో డిగ్రీ ముందుకు జరిపిన. రాగి గొట్టం ఇంజనుకు బిగిచ్చి, దాని కొసకు రబ్బరు పైపు పెట్టి చెవుల వెట్టుకున్న. సప్పుడు సురువైన కాడ ఆపి, రెండు డిగ్రీలు ఎనుకకు తెచ్చి ఇడిసిన. నేను రెండు డిగ్రీలు జాగ ఇచ్చిన, ఇంకేమన్న అయితే సెన్సర్ సూసుకుంటది. గంతే నా పని."

"సెన్సర్‌ను ముట్టనే లేదా?"

"ముట్టిన. ఇప్పి, మర సాఫు జేసి, మల్ల బిగిచ్చిన. ఉత్త ఇనుము మీదనే. ఇనుముకు ఇనుము తగిల్తేనే అది ఇంటది. దాని వైరుకు ఎర్త్ గూడ గా మరకెల్లే."

"మధుకర్‌కు ఏమన్నా చెప్పినవా?"

"గీ నట్టు వదులైతే బండి చెవిటిదైతది సారూ, అప్పుడప్పుడు సూసుకో అన్న."

"ఎప్పుడు?"

"ఆదివారం. నాలుగు గంటలకు పని ఖతం చేసిన. ఆరింటికి సారు బండి తీస్కపోయిండు."

"మరి స్పార్కు తప్పు పెట్టిన, నేనే సంపిన అని మోతీలాల్ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టినవ్?"

"రెండో చెవు గూడ పగలగొడ్తనన్నడు."

రెండూ నలభై.

కారు హల్లర్ షెడ్డు ముందు తాటిపత్రి పట్టా కింద పడి ఉంది. ఉప్పలయ్య దాని పక్కనే ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. అరవయ్యేళ్ల మనిషి. గడ్డం మాసింది, కళ్లు ఎక్కడున్నాయో తెలియనంత లోపలికి పోయాయి. సరోజన వచ్చినా తలతిప్పలేదు. అతని బదులు మోతీలాల్ లేచాడు. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు డబ్బున్న వాళ్ల పోలీసు. సఫారీ సూటు మడత నలగకుండా మనుషులను కొట్టగలడని అతనికి పేరు.

"ఏవమ్మా సరోజనా, జిల్లాలో దొంగ లారీలు అయిపోయినయ్యా?"

"లారీలు చెవులు పగలగొట్టవు మోతీలాల్. అందుకే వాటితో ఉంట."

తాటిపత్రి లాగేసింది. బానెట్ సగం చిరిగి పైకి లేచి ఉంది. ఇంజను పక్కగోడకు పిడికిలి దూరేంత బొక్క పడింది. టార్చి వేసి లోపలికి చూసింది. మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. ఆ సిలిండర్ స్పార్కు ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుంది. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు బూడిదరంగు చుక్కలు. కరిగిన పిస్టన్ తాలూకు చుక్కలు అవి.

"నాకింగు వల్లే పగిలింది," అంది.

"నేనూ అదే రాశానుగా. స్పార్కు తప్పుగా పెట్టాడు, నాకింగు వచ్చింది, ఇంజను పోయింది. వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి నీకు?"

"టైములు కావాలె. మంగళవారం కోదాడల ఎప్పుడు బయలెల్లిండు?"

"ఐదూ నలభై."

"మునగాలల బస్సు డ్రైవరు చూసింది?"

"ఐదూ నలభై ఎనిమిది. యాభై రెండుకు కల్వర్టు. అన్నీ రాశాను."

"అంటే పన్నెండు నిమిషాలు తొక్కితే ఇంజను సచ్చిపోయింది. మరి ఆదివారం ఆరింటికి సూర్యాపేటల బయలెల్లి, ఆరూ నలభైకి ఇదే గేటు కాడ హారను కొట్టిండని మీ వాచ్‌మెనే నాకు చెప్పిండు. నలభై నిమిషాలు తొక్కిండు. అదే ఇంజను, అదే స్పార్కు. అప్పుడెందుకు పగల్లేదు?"

"ఆ రోజు మెల్లగా వచ్చుంటాడు."

"యాభై కిలోమీటర్లు నలభై నిమిషాలల్ల వచ్చిన పోరగాడు మెల్లగ వచ్చిండా? ఆదివారం సాయంత్రం బండి చెవు పని చేసింది. మంగళవారం పొద్దుగాల చేయలే. మధ్యల సోమవారం మూడు గంటల దాక బండి ఈ మిల్లులనే ఉంది. అటెనుక లారీల ఎనుక మెల్లగ కోదాడకు పోయి, ఆ రాత్రి దోస్తుల ఇంటి ముందట ఉంది. ఆ రెండు జాగలల్ల ఒక తావున ఎవడో దాన్ని చెవిటిది చేసిండు."

ఇంజను గోడ మీద సెన్సర్ ఉండాల్సిన చోటు వెతికింది. అక్కడ ఖాళీ రంధ్రం. వైరు క్లిప్పు తెగలేదు, శుభ్రంగా ఊడదీసి ఉంది. రంధ్రం చుట్టూ ఉన్న మసి మీద స్పానరు గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. ప్రమాదంలో ఊడిపోతే అట్లా ఉండదు. చిటికెన వేలు లోపల పెట్టి తిప్పింది. మర సందుల్లో ఏదో మెత్తగా తగిలింది. గోటితో గీరి బయటికి తీస్తే రెండు పీచు పోగులు, వాటికి అంటుకుని తెల్లటి ముద్ద.

సరోజన ఆ పోగులనూ మోతీలాల్‌నూ మార్చి మార్చి చూసింది.

"జేబుల ఉన్నది తియ్యి."

"ఏం జేబు?"

"నీ సఫారీ ఎడమ జేబు అంచుకు తెల్లగ అంటింది. సున్నం అనకు. నువ్వు పాన్ వేసుకోవు, నీ పండ్లు నాకు కనవడ్తున్నయ్. అది సఫేదా. పైపుల మరకు నార చుట్టి పూస్తరు. లోపల ఇంక ఆరలేదు, అందుకే అంటింది."

మోతీలాల్ ముఖంలో నవ్వు పోయింది. ఒక అడుగు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, నేను నీకన్నా రెండు రోజుల ముందే చూశాను ఆ నారని. కారు మెకానిక్కు నార చుట్టడు, బాయిలర్ మనిషి చుడతాడు. అంటే ఇది మిల్లులోదే. నన్ను పెట్టుకున్న వాళ్లింట్లోనే దొంగని పట్టి నేనేం చేసుకోవాలి? వాళ్లకి ఒక చెయ్యి కావాలి. ఆ లంబాడోడిది ఇచ్చాను. ఊరుకో, నీకూ రెండు చేతులే ఉన్నాయి."

"ఆ రెండోది నీ మొహం మీద పడకముందే ఇయ్యి."

ఆమె గొంతు పెంచింది. డ్రమ్ము మీద ఉప్పలయ్య కదిలాడు. వరండాలో వెంకటనర్సమ్మ మెడ ఇటు తిరిగింది. మోతీలాల్ పళ్లు కొరుకుతూ జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో బొటనవేలంత సెన్సర్ ఉంది. దాని మర చుట్టూ జనపనార, సఫేదా, మూడు చుట్లు, ఎంతో ముచ్చటగా చుట్టి ఉన్నాయి.

బాయిలర్ గదిలో కొమురయ్య ఒక్కడే ఊక ఎత్తి పోస్తున్నాడు. పదహారేళ్లుగా ఈ బాయిలర్‌ను చూసుకుంటున్న మనిషి. అప్పటికి మూడూ పది. సరోజన తలుపు దగ్గరకు వేసి, పొట్లం విప్పి అతని ముక్కు కింద పెట్టింది. భయపడ్డ వాడి దగ్గర సౌమ్యంగా మాట్లాడితే గంట పడుతుంది. అంత టైము లేదు.

"ఇది చిన్నయ్య కారుల దొరికింది. నార చుట్టింది నువ్వేనని ఇప్పుడు పోయి అమ్మకు చెప్త. నాలుగు గంటలకు హన్మా బదులు నువ్వు నిలవడుదువు గని."

కొమురయ్య చేతిలో పార కింద పడింది. "నేను గాదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. నేను నార ముట్టక ఐదేండ్లాయె. సూడు, నా కాడున్నది తెల్ల టేపు." గోడకున్న అరలోంచి టేపు చుట్టలు తీసి ఆమె కాళ్ల ముందు పోశాడు. పైన ఆవిరి గొట్టాల జాయింట్లు చూపించాడు. "గవన్ని టేపే. గటు దిక్కున్న పాతయి మాత్రం నార."

"గటు దిక్కున్నయ్ ఎవరు బిగించిన్రు?"

కొమురయ్య వంగి పార ఎత్తుకుని మళ్లీ ఊక వైపు తిరిగాడు.

"సరే, నీ ఇష్టం." ఆమె తలుపు వైపు నడిచింది.

"పెద్దయ్య," అన్నాడు వెనక నుంచి.

సరోజన ఆగింది.

"పెద్దయ్య మొదట గీ బాయిలర్ కాడనే ఫిట్టరమ్మా. గీ మిల్లులనే ఇరవై ఏండ్లు చేసి, తర్వాత దీన్నే కొన్నడు. గిప్పటికి గూడ ఆదివారం బాయిలర్ బంద్ వెట్టినంక జాయింట్లన్ని తనే తిరిగి బిగిస్తడు. నార లేని మర కనవడితే ఆగడు. నేను టేపు సుట్టినా ఇప్పి మల్ల నార సుడ్తడు. పుస్తె లేని మెడ, నార లేని మర సూడొద్దంటడు."

"మొన్న ఆదివారం?"

"చిన్నయ్య కారు తెచ్చి గీడనే, గీ తలుపు ముందట వెట్టిండు. నాయినా జర సూడే అన్నడు. పెద్దయ్య నన్ను ఇంటికి పొమ్మన్నడు. అటెనుక నేను సూడలే."

అంతవరకూ సరోజనకు ఈ పనిలో ఒక ఉషారు ఉంది. మోతీలాల్‌ను ఓడించానన్న సంబరం ఉంది. అదంతా ఒక్కసారి దిగిపోయింది. కొడుకు అడిగితే తండ్రి బిగించాడు. ప్రేమతో బిగించాడు. మరకు నార అడ్డం పడి, ఇనుముకు ఇనుము తగలక, కారుకు చెవి పోయింది. పన్నెండు నిమిషాల పాటు ఇంజను మొత్తుకుంటే డబ్బాకు వినపడనే లేదు.

ఈ మాట ఎలా చెప్పాలి? చెబితే నమ్మేదెవరు? కొమురయ్య కళ్లారా చూడలేదు. చూసినా, యజమాని మీద నోరు విప్పడు. తను చెబితే బయటిదాని అభాండం అంటారు. మోతీలాల్ అందుకు సిద్ధంగా ఉన్నాడు. ఉప్పలయ్య చేత చెప్పించాలి. అతని నోరు చెప్పకపోయినా అతని చేతులు చెబుతాయి. చేతులకు అబద్ధమాడటం రాదు.

ఇది చేయదగిన పని కాదని ఆమెకు తెలుసు. హన్మా చెయ్యి కూడా గుర్తుంది. గాస్‌నూనెలో గుడ్డ ముంచి, సెన్సర్ మర మీది నారంతా గీకి, ఇనుము మెరిసేదాకా తుడిచింది.

మూడూ నలభై ఐదుకు షెడ్డులో మోటారు వేశారు. పైన షాఫ్టు తిరగడం మొదలైంది. హల్లర్ బెల్టు ఇంకా ఖాళీ చక్రం మీదే ఉంది. లివరు నెడితే చాలు, హల్లర్ తిరుగుతుంది. హన్మాను తెచ్చి దాని పక్కన నిలబెట్టారు. కుడిచేతి చొక్కా భుజం దాకా చింపేశారు. వెంకటనర్సమ్మ కుర్చీని కారు ఎదురుగా వేయించుకుని కూర్చుంది.

"చెప్పు," అంది. "ఎవని చెయ్యి?"

"చెప్త అమ్మా. దానికి ముందు ఈ సామాను దాని జాగల పెట్టాలె. మంగళవారం ఎట్లుండెనో అట్ల." సరోజన డ్రమ్ము దగ్గరకు వెళ్లింది. "పెద్దయ్యా, నాకు బిగించుడు రాదు. జర మీరు బిగిస్తరా?"

మోతీలాల్‌కు అర్థమైంది. "అయ్యగారూ, వద్దు," అంటూ ముందుకు వచ్చాడు. వెంకటనర్సమ్మ చెయ్యి ఎత్తింది. అతను ఆగిపోయాడు.

ఉప్పలయ్య మెల్లగా లేచాడు. నాలుగు రోజులుగా ఎవరూ అతనికి ఏ పనీ చెప్పలేదు. సెన్సర్‌ను తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో మర తడిమాడు. నాలుక చప్పరించాడు.

"ఉత్త మర బిగిస్తరా ఎవలన్న," అన్నాడు. "కొమురయ్యా, నా పెట్టె తే."

కొమురయ్య రేకు పెట్టె తెచ్చాడు. ఉప్పలయ్య అందులోంచి నార పోగు తీసి, పెదాల మధ్య పెట్టి తడిపి, మర చుట్టూ ఒకటి, రెండు, మూడు చుట్లు చుట్టాడు. చూపుడువేలితో సఫేదా తీసి పూశాడు. ఇంజను మీదికి వంగి రంధ్రంలో పెట్టి, స్పానరుతో బిగించి, చివర అరచుట్టు మళ్లీ బిగించాడు. నిలబడ్డాక అతని ముఖంలో నాలుగు రోజుల తర్వాత చిన్న వెలుగు కనిపించింది.

"గిది నేను బిగిచ్చిందే గదా. మల్ల ఎవలు ఇప్పిన్రు?"

"ఎప్పుడు బిగించిన్రు పెద్దయ్యా?" అంది సరోజన.

"ఆదివారం. నాయినా, మెకానిక్కు చెప్పిండు, గీ నట్టు వదులు గావొద్దట, జర సూడు అన్నడు పోరడు. ఇప్పి సూస్తే నార లేదు, ఏం లేదు. నార సుట్టి, ఈ జన్మల ఊడకుంట బిగిచ్చిన. టార్చి వాడే పట్టుకున్నడు." ఆ జ్ఞాపకం అతనికి తీపిగా ఉన్నట్టుంది. "నీ చెయ్యి వడితే ఇగ రంధి లేదు నాయినా అన్నడు."

సరోజన హన్మా వైపు తిరిగింది. హన్మా కుడి చెవి ఇటు పెట్టి అంతా విన్నాడు. సెన్సర్ చుట్టూ ఉబికిన సఫేదాను చూస్తున్నాడు. అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది, అంతా అర్థమైపోయింది.

"నార చుట్టితే ఏమైతది హన్మా?"

అతను తల అడ్డంగా ఊపాడు. చెప్పనన్నట్టు.

"నీ చెయ్యి నీకు కావాల్నా వద్దా?"

"మేడం, గా పెద్దమనిషి ముందట..."

"చెప్పు," అంది వెంకటనర్సమ్మ.

హన్మా నేల చూస్తూ చెప్పాడు. "ఇనుముకు ఇనుము తగిల్తేనే అది ఇంటదమ్మా. నార అడ్డమైతే ఇనది. నాకింగు వచ్చినా డబ్బాకు ఎరుక గాదు. స్పార్కు తగ్గది. పిస్టన్ పగిలే దాక బండి ఉరుకుతనే ఉంటది." తర్వాత ఉప్పలయ్య వైపు తిరిగాడు. "నాది గూడ తప్పే పెద్దయ్యా. వదులు గావొద్దన్న గని, ఏం సుట్టొద్దని చెప్పలే. ఫిట్టరు చేతికి పోతదని నాకేం ఎరుక."

ఉప్పలయ్యకు వెంటనే అర్థం కాలేదు. హన్మాను చూశాడు, సెన్సర్‌ను చూశాడు, చూపుడువేలి మీది తెల్లటి సఫేదాను చూశాడు. ఆ వేలిని పంచెకు తుడుచుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు సరోజనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతకన్నా మోతీలాల్ కొట్టిన దెబ్బలే నయం, వాటిని కొట్టిన వాడి ముఖం అయినా కనిపిస్తుంది.

మిల్లు కూత కూసింది. ఎప్పటిలాగే పొడుగ్గా కూసి ఆగింది. నాలుగైంది.

"వాని కట్లు ఇప్పండి," అంది వెంకటనర్సమ్మ. హమాలీలు హన్మా కట్లు విప్పారు. అతను అక్కడి నుంచి పోలేదు, పోవాలని తోచనట్టు అక్కడే నిలబడ్డాడు.

"అమ్మా, ఇది హత్య కాదు," అంది సరోజన తొందరగా. "ఎవరూ కావాలని చెయ్యలే. మీ ఆయనకు ఎరుక లేదు. పేరు చెప్పు, మనిషిని తీస్కపో అన్నరు, చెప్పిన. ఇగ ఇది ఇక్కడికి ఖతం చెయ్యండి."

"నీ పని ఖతమైంది. నువ్వు పో."

వెంకటనర్సమ్మ భర్తను చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నాలుగు రోజులుగా ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మోస్తున్న పగకు ఇప్పుడు జాగా దొరికింది. అది నలభై ఏళ్లు తను వండి పెట్టిన మనిషే అయింది.

"గీడనే నిలవడి చెప్పినవ్," అంది. "కొడుకును మింగిన చెయ్యి ఉండొద్దని. పన్నెండు మంది ఇన్నరు. నేను గూడ ఇన్న. గప్పుడు లంబాడోని చెయ్యి అనుకుంటివి."

ఉప్పలయ్య తల ఊపాడు. అవునని.

"అమ్మగారూ," అన్నాడు మోతీలాల్, గొంతు పీలగా, "అయ్యగారు మిల్లు యజమాని..."

"లివరు ఎయ్యండిరా."

హమాలీలలో ఒక్కడూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హన్మా అయితే రెండు చేతులూ అడ్డం పెట్టి హల్లర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "వద్దమ్మా, నా మాట ఇను, వద్దు," అంటున్నాడు. వినపడని చెవి వల్లనేమో, అవసరానికి మించి అరుస్తున్నాడు. సరోజన గేటు వైపు చూసింది. ఎనిమిది మంది అలాగే ఉన్నారు. తను ఒక చెయ్యి కాపాడటానికి వచ్చింది. కాపాడింది. రెండోదాన్ని చూపించింది కూడా తనే.

ఎవరూ కదలకపోయేసరికి వెంకటనర్సమ్మే కుర్చీలోంచి లేచి, కొంగు నడుముకు దోపుకుని, లివరు దగ్గరకు నడిచి దాని మీద చెయ్యి వేసింది. ఉప్పలయ్య హన్మాను భుజం పట్టి పక్కకు జరిపాడు. తర్వాత గుండీ తీసి, కుడిచేతి చొక్కాను మోచేతి దాకా జాగ్రత్తగా మడుచుకున్నాడు.